గీతకు అవతల అమ్మమ్మ

సూరాయమ్మను ఆసుపత్రిలో సగమే చేర్చుకుంటున్నారు. మంచాన్ని గడప వెంబడి వేసి, పైనుంచి దిగే తలుపును సరిగ్గా ఆమె నడినెత్తి మీదుగా, ముక్కు మీదుగా, బొడ్డు మీదుగా దించారు. కుడి సగం వార్డులో ఉంది, ఎడమ సగం వరండాలో. తలుపు కొత్తది. సందు లేకుండా పడుతుంది.

కుడి సగానికి ఏసీ గాలి తగులుతోంది. ఎడమ సగం మీద ఈగలు వాలుతున్నాయి.

"ఎలా ఉంది మామ్మగారూ?" అని నర్సు అడుగుతుంది.

"చలేత్తంది తల్లీ" అంటుంది కుడి సగం.

"ఉక్కపోసి చత్తన్నాను" అంటుంది ఎడమ సగం, వరండాలోంచి.

నర్సు చలి సంగతి రాసుకుంటుంది. ఉక్క సంగతి రాసుకోదు. అది ఆవిడ డ్యూటీలోకి రాదు.

మంచానికి అటూ ఇటూ తిరుగుతున్న మనిషి నూకరత్నం. రొయ్యల కంపెనీలో తలలు తీసే సెక్షన్లో పనిచేస్తుంది. సూరాయమ్మ ఆమెకు అమ్మమ్మ, కన్నతల్లికి తల్లి. సూరాయమ్మ ఆమెకు అత్తగారు కూడా, ఎందుకంటే నూకరత్నం చిన్న మేనమామ వీర్రాజునే చేసుకుంది. పెళ్ళికి ముందు అతన్ని మావయ్యా అనేది, పెళ్ళయ్యాకా మావయ్యా అనే అంటుంది. సూరాయమ్మను ముందూ అమ్మమ్మా అనేది, ఇప్పుడూ అమ్మమ్మే. పిలుపు మార్చుకోవాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోచాల్సిన అవసరమూ రాలేదు, పాలసీ వచ్చేదాకా.

పాలసీ అంటే గీత. ఏటా ఏప్రిల్లో కంపెనీ హెచ్చార్ సారు బ్లీచింగ్ పౌడర్ బస్తా స్కూటర్ ముందు పెట్టుకుని వస్తాడు. పనివాళ్ళ ఇళ్ళ చుట్టూ గీత పోస్తాడు. గీత లోపలున్నవాళ్ళకు జబ్బు చేస్తే కంపెనీ చూసుకుంటుంది. బయట ఉన్నవాళ్ళు జబ్బు పడకుండా తామే చూసుకోవాలి.

మొదటి ఏడు గీత చాలా పెద్దది. మేకల పాక, బావి, జామచెట్టు అన్నీ లోపలే. అరుగు మీద కునుకు తీస్తున్న పక్కింటి ముసలాయన దగ్గు కూడా అందులో పడిపోయి నయమైపోయింది. ఆ మరుసటేడు గీత మేకల పాకను వదిలేసింది. తరవాతేడు వంటింటిని వదిలేసింది. ఆ ఏడంతా చెయ్యి కాలితే నూకరత్నం నడింట్లోకి పరిగెత్తుకొచ్చి, అక్కడ కాలినట్టు అరిచేది.

"ఏంటండీ సారూ, ఏడాదేడాదికీ దగ్గరికొచ్చేత్తంది?" అని అడిగింది ఒకసారి.

"జబ్బులు పెరిగిపోయాయమ్మా" అన్నాడు హెచ్చార్ సారు. "జబ్బులు పెరిగేకొద్దీ గీత చిన్నదవ్వాలి. పెద్ద గీతకు పౌడర్ పల్చబడుతుంది. పల్చటి గీతని ఏ జబ్బు లెక్కచేస్తుంది చెప్పు?"

మాట సబబుగానే ఉంది.

ఈ ఏడు కొత్త నియమం వచ్చింది. పనిమనిషి తన తల్లిదండ్రులనైనా కోరుకోవచ్చు, అత్తమామలనైనా కోరుకోవచ్చు. రెండు జంటలూ కుదరవు. అమ్మమ్మలు, నాయనమ్మలు ఫారంలో ఏ కాలమ్‌లోనూ లేరు. నూకరత్నానికి తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు. అత్తను కోరుకుంది. హెచ్చార్ సారు బస్తాతో నేరుగా సూరాయమ్మ మంచం దగ్గరికే వచ్చాడు.

"ఈవిడ నీకేమవుతుంది?"

"అమ్మమ్మండి."

"అత్తగారని చెప్పావుగా?"

"అదీ అవుద్దండి."

హెచ్చార్ సారు అన్యాయం చేసే మనిషి కాదు. చాలాసేపు బుర్ర గోక్కున్నాడు. ఆఖరికి గుప్పెడు పౌడర్ తీసి, సూరాయమ్మ నడినెత్తి నుంచి కాళ్ళ దాకా నిలువుగా గీత పోశాడు. "కదలకండి మామ్మగారూ, ముక్కు దగ్గర వంకర పోతుంది" అన్నాడు. పోశాక, "ఇందులో అత్తగారు ఏ పక్క?" అని అడిగాడు.

సూరాయమ్మకు వేళాకోళం ఎక్కువ. "కుడిపక్కే రాసుకో నాయనా. మొట్టికాయ ఏసేది ఆ చెయ్యే కదా" అంది.

అందరూ నవ్వారు. హెచ్చార్ సారు కూడా నవ్వాడు. గుండె ఎడంపక్కన ఉంటుందని ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

*

డాక్టరు మంచివాడు, పనిమంతుడు. చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు.

"గుండెలో ఒక తలుపు సరిగ్గా పడటం లేదు" అంటాడు నూకరత్నంతో. "వెళ్ళిన రక్తం ఏదో మరిచిపోయినదానిలా మళ్ళీ వెనక్కి వస్తోంది. తలుపు మార్చేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు."

"మరి మార్చండి బాబూ."

"గుండె వరండాలో ఉందమ్మా. నేను వార్డు డాక్టర్ని."

"ఓ అడుగు బయటికొచ్చి..."

"వరండాలో నాకు చదువు రాదు" అంటాడు డాక్టరు. నిజమే చెబుతున్నాడు. గడప దాటి చూపిస్తాడు. దాటగానే చేతిలో ఉన్న కత్తి ఏమిటో తెలియక అటూ ఇటూ తిప్పి చూసి, దాంతో గోళ్ళు తీసుకోబోతాడు. నూకరత్నం కంగారుగా లోపలికి లాగుతుంది.

"చీకటి పడేలోగా గుండె లోపలికి రావాలి" అంటాడు మళ్ళీ తెలివి తెచ్చుకుని. "లేకపోతే మిగతా సగాన్ని కూడా బయటకు పంపించేస్తాను. అప్పుడు నేను చేసేది ఉండదు."

వరండాలో సూరాయమ్మ ఎడమకాలు అప్పటికే ఉబ్బి నీరుపట్టింది. వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఆ గుంటలో ఒక చిన్న చేప కదిలి, అడుక్కి పోతోంది.

ఇన్సూరెన్సు కౌంటరు వరండా చివర ఉంది. ఎవరి అవసరం ఎంతో వాళ్ళకు అది అంత దూరంలో ఉంటుంది. పంటి నొప్పివాళ్ళు చెయ్యి చాపి అందుకుంటున్నారు. నూకరత్నం నడుస్తోంది. వరండాలోనే ఒక కిళ్ళీకొట్టు దాటుతుంది, ఒక రైలు గేటు దాటుతుంది. గేటు దగ్గర గూడ్సు పోయేదాకా నిలబడుతుంది. కౌంటరు చేరేసరికి చెప్పులు అరిగి, పట్టీలు మాత్రమే పాదాలకు మిగిలాయి.

కౌంటరులో హేమలత అనే పిల్ల ఉంది. చక్కగా కుచ్చిళ్ళు పెట్టిన చీర, పెదాలకు రంగు.

"గీత కొంచెం జరపాలండి" అంటుంది నూకరత్నం.

"గీతలు మేం జరపమండి. బంధుత్వం జరిగితే గీత అదే జరుగుతుంది."

"బంధుత్వం ఎలా జరుగుద్దండి?"

"ఆవిడ అత్తగారిలా ఉంటే అత్తగారవుతారు. ఎంత ఉంటే అంత." హేమలత జాలిగానే చూస్తుంది. "మీరు ఆవిణ్ణి అమ్మమ్మా అంటూ వచ్చారు కదా ఇన్నేళ్ళూ? అందుకే అత్తగారు అసలు పెరగలేదు. కుడిపక్క ఉన్నదంతా మా సార్లు దయతలిచి ఇచ్చిందే. మా పరిశీలకుణ్ణి పంపిస్తాను, ఆయన వింటారు. ఆవిడ అత్తగారిలా మిమ్మల్ని ఏదైనా అనాలి. ఉత్తుత్తి మాటలు చెల్లవు. ఇంకోటి, ఇంటి దగ్గర అన్నవి కూడా చెల్లవు. మా ఆసుపత్రి లోపల అన్నవే లెక్క."

"ఆవిడ నన్నెప్పుడూ ఏమీ అనలేదండి."

"అయ్యో" అంటుంది హేమలత. "అదే మరి నిర్లక్ష్యం అంటే."

*

పరిశీలకుడు నూకరత్నం కంటే ముందే వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. సన్నటి మనిషి. స్టెతస్కోపు ఒక కొస తలుపుకు ఆనించి, రెండో కొస చెవుల్లో పెట్టుకున్నాడు. ఒళ్ళో థర్మాకోల్ పెట్టె ఉంది. అందులో ఐసు మీద అప్రూవల్ ఉంది. అది తొందరగా పాడైపోతుందని మూత తియ్యడు.

నూకరత్నం వార్డు లోపల నిలబడి, "అత్తయ్యా" అంటుంది.

ఎవరి చెప్పుల్లోనో కాళ్ళు పెట్టినట్టుంటుంది ఆ మాట.

సూరాయమ్మ పకపకా నవ్వుతుంది. "ఓసి నీ దుంపతెగ! నన్నేనా?" అంటుంది. కుడి సగం కొంచెమే నవ్వుతుంది. ఎడమ సగం కడుపు పట్టుకుని నవ్వుతుంది. గీత కదులుతుంది, కానీ ఎడమకు కాదు, కుడికి. నర్సులు వచ్చి మంచాన్ని బెత్తెడు వరండాలోకి నెడతారు. సూరాయమ్మ బొడ్డు బయటకు పోతుంది.

"నవ్వకే అమ్మమ్మా!" అని అరుస్తుంది నూకరత్నం. ఆ పిలుపుకు ఇంకో బెత్తెడు పోతుంది.

కబురు అంది వీర్రాజు ఆటో దిగి పరిగెత్తుకొస్తాడు. వచ్చీ రాగానే సంగతి అర్థమవుతుంది. ఆటో నడిపేవాడికి గీతల గురించి ఒకరు చెప్పక్కర్లేదు.

"అమ్మా, దాన్ని ఏదో ఒకటి అనవే."

"ఏవనాల్రా?"

"అత్తలు అనేయి ఉంటాయి కదా."

"మా అత్త నన్నన్నవి గుండె మీద పచ్చబొట్టేసినట్టున్నాయిరా. అయి దీని మొహం చూసి ఎలాగంటాను?"

"కళ్ళు మూసుకుని అను."

సూరాయమ్మ కళ్ళు మూసుకుంటుంది. "కూరలో ఉప్పెక్కువేసేత్తావే నువ్వు" అంటుంది.

పరిశీలకుడు తల అడ్డంగా ఊపుతాడు. "ఉప్పు సంగతి అందరిళ్ళలోనూ ఉంటుంది. అది పరిగణనలోకి రాదు."

"బారెడు పొద్దెక్కినా లేవవు" అంటుంది సూరాయమ్మ.

"నాలుగింటికే కదే లేత్తాను, కంపెనీ బస్సుకి!" అంటుంది నూకరత్నం.

"అబద్ధపు నింద. చెల్లుతుంది" అంటాడు పరిశీలకుడు. గీత ఒక వేలు వెడల్పు జరుగుతుంది. బొడ్డు గడపకు అంత దగ్గరవుతుంది. వీర్రాజు తల్లి పాదం పట్టుకుని, "అదీ! అలాగే! ఇంకోటేసుకో!" అంటాడు, ఎడ్లను అదిలించినట్టు.

సూరాయమ్మకు హుషారు వస్తుంది. గొంతు పెంచి, చెయ్యి తిప్పి, "మీ అమ్మ నీకు నేర్పింది ఇదేనంటే?" అంటుంది.

అనేసి ఆగిపోతుంది.

ఆ అమ్మ ఎవరు? సూరాయమ్మ పెద్దకూతురే. ఆమెకు అన్నీ నేర్పింది సూరాయమ్మే. ఆమె పోయినప్పుడు తలకొరివి దాకా అరుగు దిగకుండా కూర్చున్నదీ సూరాయమ్మే. వేరే ఇళ్ళలో ఆ మాట వెళ్ళి వియ్యపురాలికి తగులుతుంది. ఈ ఇంట్లో వియ్యపురాలు లేదు. మాట గది చుట్టూ తిరిగి, తగలడానికి ఇంకో మనిషి దొరక్క, అన్న మనిషి ఎడమకంట్లోనే దిగుతుంది. ఎడమకన్ను ధారగా కారుతుంది. గీత మూడు వేళ్ళు వెనక్కి పోతుంది.

"మేనరికాలతో ఇదే చిక్కు" అంటాడు పరిశీలకుడు. "ఏం విసిరినా ఇంట్లోనే పడుతుంది."

థర్మాకోల్ పెట్టె అడుగునుంచి నీళ్ళు కారడం మొదలవుతుంది.

సూరాయమ్మ ఆయాసపడుతోంది. పీల్చిన గాలి కుడిపక్క నుంచి లోపలికి వెళ్ళి, ఎడంపక్కకు చేరకుండానే తిరిగి వచ్చేస్తోంది. ఎడమచేతి గోళ్ళు నేరేడుపండు రంగుకు వచ్చాయి. ఆ చేత్తోనే నూకరత్నాన్ని వరండాలోకి రమ్మని సైగ చేస్తుంది.

నూకరత్నం వచ్చి నేల మీద కూర్చుంటుంది. చిన్నప్పుడు రోజూ జడ అల్లిన ఆ చేత్తోనే సూరాయమ్మ ఆమె చెంప నిమురుతుంది.

"ఏమే నూకాలూ. నేను బతకాలా?"

"బతకాలి."

"ఎవరిలాగ బతికినా పర్లేదా?"

నూకరత్నం తొందరపడదు. ఈగలను తోలుతుంది. వరండా చివర గూడ్సుబండి మళ్ళీ పోతోంది. అది పోయేదాకా ఆగి, "పర్లేదు" అంటుంది.

"అయితే లోపలికెళ్ళి నించో. నువ్వేడిత్తే నేనిటొచ్చేత్తాను, ఏడవమాకు."

నూకరత్నం లోపలికి వెళ్ళి నిలబడుతుంది. వీర్రాజు కూడా వస్తాడు. సూరాయమ్మ కుడికన్ను తెరుస్తుంది. అందులో నవ్వు లేదు.

"ఈడు నిన్ను చేసుకోననే అన్నాడే" అంటుంది, మెల్లగా, గొంతు ఎత్తకుండా. "పెద్దాపురం పిల్లని చూసుకున్నాడు. కబుర్లూ కాకరకాయలూ అన్నీ అయిపోయాయి. తల్లి లేని దాన్ని ఎవడు చేసుకుంటాడు, రేపు నా నెత్తినే కూర్చుంటుందని, నూతిలో దూకుతానని బెదిరించి ఈడి చేత కట్టించాను. ఆ పిల్లొచ్చుంటే నా ఇల్లు ఇల్లులాగుండేది. నువ్వు జాలికి తెచ్చుకున్నదానివి. ఇన్నేళ్ళూ నీ చేతి కూడు తింటూ, నీ మొహం చూసినప్పుడల్లా ఆ పిల్లే కనపడేది నాకు."

నూకరత్నం వీర్రాజు వైపు చూస్తుంది. అబద్ధపు నింద అయితే అతను ఈపాటికి కేకలేసేవాడు. అతను ఏసీ మిషను మీద రాసి ఉన్న కంపెనీ పేరు చదువుకుంటున్నాడు. చదవడం అయ్యాక మళ్ళీ మొదట్నుంచి చదువుతున్నాడు.

నూకరత్నం ఏడవదు. కాళ్ళ కింద నేలను కాళ్ళతోనే పట్టుకుని నిలబడుతుంది.

పరిశీలకుడు చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి, మర్యాదగా లేచి నిలబడతాడు. గీత కదులుతోంది. ఈసారి చప్పుడవుతోంది, ఇసుక మీద పడవను లాగినట్టు. ముక్కు దాటింది, ఎడమకన్ను దాటింది, రొమ్ము మీదికి వచ్చి ఒక్క క్షణం ఆగి, దాటింది. గుండె లోపలికి వచ్చేసింది. మంచాన్ని అంత మేరా లోపలికి లాగి మళ్ళీ తలుపు దించుతారు.

పరిశీలకుడు పెట్టె మూత తీస్తాడు. అప్రూవల్ ఐసు మీద పడుకుని ఉంది. చిన్న కందిసా చేప అంత ఉంది, బూడిదరంగు, ఇంకా డొక్కలు ఎగరేస్తోంది. డాక్టరు దాన్ని రెండు చేతులతో అందుకుంటాడు.

"ఇంక మీరు బయట కూర్చోండి" అంటాడు. "కోడళ్ళు చూడకూడదు."

*

కొత్త తలుపు బాగా పడుతోంది. సూరాయమ్మ లేచి నడుస్తోంది. ఆమె గుండె ఆ తలుపు వేసుకుంటూ తీసుకుంటూ ఉంటే ఆ చప్పుడు వార్డంతా వినిపిస్తోంది. నర్సులు అది విని సంబరపడుతున్నారు. ఎవరికీ అంత గట్టి తలుపు పడలేదట.

"కోడలా" అంటుంది సూరాయమ్మ. "నా చీర కుచ్చిళ్ళు సరిచెయ్యి."

నూకరత్నం సరిచేస్తుంది. నర్సు ఒక స్టీలు ట్రే తెచ్చి ఆమె చేతిలో పెడుతుంది. అందులో వాడిన దూది, రబ్బరు తొడుగులు ఉన్నాయి. వాటి పక్కన గీతకు అవతల మిగిలిపోయినవి ఉన్నాయి. ఒక ఎడమచెయ్యి, ఒక చెవి, సగం ఒడి.

"ఇవి పాలసీలోకి రావమ్మా. మీరే తీసుకెళ్ళాలి."

నూకరత్నం వాటిని తువ్వాలులో చుట్టుకుంటుంది. బరువేమీ లేవు. మెట్లు దిగుతూ మూట దగ్గరికి నోరు పెట్టి పిలవబోతుంది. నోట్లో ఆ మాట ఉండే చోట నున్నగా ఉంది, పన్ను ఊడి మానిపోయినట్టు. నాలుకతో తడుముకుని, పెదాలు మూసుకుంటుంది.

వీర్రాజు ఆటో దగ్గర నిలబడి ఉంటాడు. "ఆ పెద్దాపురం పిల్ల పేరు కూడా గుర్తులేదే నాకు" అంటాడు.

"నేనడగలేదు మావయ్యా" అంటుంది నూకరత్నం. అని, "మీరు ఆటోలో రండి. మేం బస్సులో వత్తాం" అంటుంది. అతన్ని మీరు అనడం అదే మొదలు.

బస్సులో సూరాయమ్మ కిటికీ పక్క సీటు తనదేనంటుంది. నూకరత్నం లేచి ఇస్తుంది. ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా రొయ్యల చెరువులే. ఎండలో తెల్లగా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా.

"ఆ మూటేంటి?" అంటుంది సూరాయమ్మ.

"ఏం లేదండి. బయటియి."

"బయటియి ఇంట్లోకెందుకు? పారేయ్."

నూకరత్నం మూట పారేయదు. మూటే ఆమె ఒళ్ళోంచి లేస్తుంది. చెయ్యి తువ్వాలును విప్పుకుని, చెవినీ ఒడినీ చంకన పెట్టుకుని, కిటికీ చువ్వల మధ్య నుంచి సూరాయమ్మ మోకాలి మీదుగా దిగిపోతుంది. బస్సు ఆగదు. ఆగాల్సిన అవసరం లేదు, చెయ్యి దిగిన చోటు బస్సు పక్కనే పరిగెత్తుతోంది.

చెయ్యి చెరువు గట్టు మీద కూర్చుని, ఒడి పరుచుకుంటుంది. చెరువులో నీళ్ళను కొస పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంటుంది. మూడు పాయలు చేస్తుంది. అల్లడం మొదలుపెడుతుంది, ఓపిగ్గా, బిగువుగా, ఎక్కడా చుక్క కారకుండా. నీరు జడగా నిలుస్తోంది. చెరువు అడుగు ఖాళీ అవుతోంది. రొయ్యలు బురదలో వెల్లకిలా పడుకుని, పైకి చూస్తున్నాయి.

"ఏం చూత్తన్నావే అలాగ?" అంటుంది సూరాయమ్మ.

నూకరత్నం చెప్పాలనుకుంటుంది. చెప్పడానికి ఆ చెయ్యి ఎవరిదో అనాలి.

ఆ చెరువు అయిపోయింది. చెయ్యి పక్క చెరువును అందుకుని, ఆ నీళ్ళను కూడా పాయల్లో కలుపుకుంటోంది. తరవాత దాని పక్కది. జడ గట్టు మీదుగా, రోడ్డు మీదుగా పొడుగవుతూ, బస్సు వెనకే పాకుతూ వస్తోంది. కండక్టరు వెనక్కి చూసి, రెండు విజిళ్ళు వేసి, పోనిమ్మంటాడు. సూరాయమ్మ గుండెలో తలుపు పడుతోంది, తెరుచుకుంటోంది, పడుతోంది.

చెరువులన్నీ అయిపోయాయి. చెయ్యి ఒక్క క్షణం ఆగి, చెవితో విని, ఇంకా దూరానికి చాపుకుంటుంది. తూర్పున, ఉప్పాడ వైపు, సముద్రం నడిమధ్యన తిన్నగా ఒక పాపిడి పడుతోంది.